కూల్చినవాళ్ళ పిల్లలు కట్టడానికి వచ్చినప్పుడు: కోవెంట్రీ, డ్రెస్డెన్ కథ

 

ఇంతవరకు ఇక్కడ మన వలస దారులు, మన ఇంటి పేర్లు, కోలారు వైపు చెరువులు, గుళ్ళు, ఇట్లాంటివే రాసుకుంటూ వచ్చినాము. ఈసారి శానా దూరం పోతున్నాము. ఇంగ్లండ్‌లో ఒక ఊరు, జర్మనీలో ఒక ఊరు. రెండిటి మధ్య జరిగిన రెండు ప్రయాణాలు. 1961లో కొంతమంది జర్మన్ పిల్లలు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీకి వచ్చి, కాలిపోయిన చర్చిలో కొన్ని గదులు బాగుచేసినారు. 1965లో ఆ కోవెంట్రీ నుంచి కొంతమంది ఇంగ్లీషు పిల్లలు డ్రెస్డెన్ పోయి, బాంబులకు కూలిన ఒక చర్చి ఆసుపత్రిని మళ్ళీ కట్టడానికి చేయి వేసినారు. మొదటి చర్చిని కాల్చింది జర్మన్ విమానాలు. రెండో ఊరిని కాల్చింది ఇంగ్లీషు, అమెరికా విమానాలు.

ఆఫీసు పని మీద కొన్ని నెలలు కోవెంట్రీ దగ్గర ఉన్నప్పుడు ఈ కథ నాకు పరిచయమైంది. అప్పుడు తెలుసుకున్నది కొంచెం, తరువాత చదువుకున్నది ఎక్కువ. మన ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న ఒక మాటకీ దీనికీ సంబంధం ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ మాట చివర చెప్తాను. ముందు చరిత్ర.

కోవెంట్రీ: 1940 నవంబర్ 14

కోవెంట్రీ ఇంగ్లండ్ నడిబొడ్డున ఉన్న పాత ఊరు. ఒకప్పుడు నేతపనికి, గడియారాలకి పేరు. తరువాత సైకిళ్ళు, ఆపైన కార్లు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అక్కడి కార్ఖానాలలో విమాన ఇంజన్లు, యుద్ధ సామాను తయారవుతున్నాయి. జర్మనీ కన్ను ఆ ఊరి మీద పడడానికి కారణం అదే. కానీ కార్ఖానాలు ఊరి బైట వేరుగా లేవు. ఇళ్ళ మధ్యలో, అంగళ్ళ పక్కన, సందులలో ఉన్నాయి. కార్ఖానా మీద వేసిన బాంబు ఇంటి మీద పడకుండా ఉండే వీలే లేదు.

1940 నవంబర్ 14 రాత్రి నిండు వెన్నెల. సాయంత్రం ఏడు దాటినాక మొదలైన దాడి తెల్లవారుజాము వరకు, దాదాపు 11 గంటలు నడిచింది. 500 మందికి పైగా చచ్చిపోయినారు. ఊరి నడుమ ఉండే సెయింట్ మైకేల్ కథీడ్రల్ మీద నిప్పు బాంబులు పడినాయి. అది మధ్యయుగం నాటి చర్చి. 1918లో దానికి కథీడ్రల్ హోదా వచ్చింది. ఆ రాత్రి దాని పైకప్పు మీద కాపలా ఉన్నది నలుగురే: కథీడ్రల్ పెద్ద గురువు రిచర్డ్ హోవర్డ్, అక్కడి రాతిపని మేస్త్రీ జాక్ ఫోర్బ్స్, ఇంకా ఇద్దరు యువకులు. మొదట పడిన నిప్పు బాంబులను ఇసుక పోసి ఆర్పినారు. తరువాత వాళ్ళ వల్ల కాలేదు. ఊర్లో నీళ్ళ పైపులు పగిలిపోయినాయి. తెల్లారేసరికి బైటి గోడలు, ఎత్తైన గోపురం మాత్రం నిలిచినాయి. లోపల అంతా బూడిద.

తరువాతి రోజులలో మూడు పనులు జరిగినాయి. చిన్న పనులే. కానీ ఈ కథ అంతా వాటి మీదే నిలబడింది.

మొదటిది, మేస్త్రీ ఫోర్బ్స్ కాలిన రెండు దూలాలు ఒకదాని మీద ఒకటి శిలువలాగ పడి ఉండడం చూసి, వాటిని కట్టి నిలబెట్టినాడు. రెండోది, ఆర్థర్ వేల్స్ అనే పాస్టరు కూలిన పైకప్పు నుంచి రాలిన పాత మేకులు మూడు తీసుకొని వాటితో ఒక శిలువ చేసినాడు. మూడోది, హోవర్డ్ చెప్పిన మాట. ఆ క్రిస్మస్ రోజునే శిథిలాల నుంచి రేడియోలో మాట్లాడుతూ, పగ తీర్చుకోవాలనే ఆలోచనను పక్కన పెట్టాలని, యుద్ధం అయిపోయినాక ఇంకా దయగల లోకం కట్టుకోవాలని ఆయన చెప్పినాడు. దాడి జరిగి అప్పటికి ఆరు వారాలు. ఊర్లో శవాలు పూడ్చిన గుంతల మన్ను ఆరలేదు. వినేవాళ్ళలో ఎంతమందికి ఆ మాట కడుపు మండించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

యుద్ధం తరువాత, 1948లో, శిథిలాల గోడ మీద రెండే మాటలు చెక్కించినారు: తండ్రీ, క్షమించు. బైబిల్లో యేసు శిలువ మీద అన్న మాటలో 'వీరిని' అని ఉంటుంది. ఇక్కడ ఆ మాట లేదు. ఎవరిని క్షమించమంటున్నారు? వాళ్ళనా, మనల్నా? కావాలనే దాన్ని వదిలేసినారు.

కొత్త కథీడ్రల్ కోసం పోటీ పెడితే 200కు పైగా నమూనాలు వచ్చినాయి. 1951లో గెలిచింది బేసిల్ స్పెన్స్. ఈయన పుట్టింది 1907లో మన బొంబాయిలో. మహారాష్ట్రలో ఉండే మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక మాట: అదే బొంబాయిని కట్టడానికి తెలంగాణ వైపు నుంచి పోయిన కామాఠీ కూలీల పేరు మీదే కామాఠీపురా వచ్చింది. ఊర్లు కట్టిన మనవాళ్ళ పేర్లు నమూనాల మీద ఉండవు, వీధుల పేర్లలో మిగిలి ఉంటాయి. సరే, స్పెన్స్ సంగతికి వస్తాము. ఆయన చేసిన తెలివైన పని ఏమంటే పాత శిథిలాన్ని తీసేయకుండా అట్లాగే ఉంచి, దాని పక్కనే కొత్తది కట్టడం. శిథిలం నిలిచింది కాబట్టే దానిలో బాగుచేయడానికి గదులు మిగిలినాయి.

ఉద్యోగం పోయినా ఒప్పుకోని జడ్జి

ఇప్పుడు జర్మనీ వైపు పోదాము. అక్కడి నుంచి పిల్లలు కోవెంట్రీకి ఎట్లా వచ్చినారు? దానికి లోథర్ క్రైసిగ్ అనే మనిషి గురించి చెప్పాలి.

క్రైసిగ్ 1898లో పుట్టినాడు. వృత్తికి జడ్జి. బ్రాండెన్‌బర్గ్ అనే ఊర్లో, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు, మానసిక రోగులు, తమను తాము చూసుకోలేనివాళ్ళకు గార్డియన్లను నియమించి పర్యవేక్షించే కోర్టు ఆయనది. 1940లో ఆయన బల్ల మీదికి వచ్చే కాగితాలలో ఒక తేడా కనిపించింది. ఆశ్రమాలలో ఉండేవాళ్ళు వరసగా చచ్చిపోయినట్టు కబుర్లు వస్తున్నాయి. నాజీ ప్రభుత్వం అట్లాంటి రోగులను రహస్యంగా చంపుతూ ఉందని ఆయనకు అర్థమైంది.

చాలామంది జడ్జిలకు ఈ కాగితాలు వచ్చే ఉంటాయి. క్రైసిగ్ మాత్రం న్యాయశాఖ మంత్రికి ఉత్తరం రాసినాడు. అంతటితో ఆగకుండా, ఆ పథకం నడిపే నాజీ అధికారి మీద హత్య నేరం కింద ఫిర్యాదు పెట్టినాడు. తన కిందకు వచ్చే రోగులను కోర్టు అనుమతి లేకుండా తరలించకూడదని ఆశ్రమాలకు ఆదేశం ఇచ్చినాడు. మంత్రి ఆయన్ని పిలిచి హిట్లర్ సంతకం ఉన్న కాగితం చూపించినాడు. హిట్లర్ రాసినంత మాత్రాన అది చట్టం కాదని క్రైసిగ్ జవాబు. అయితే నువ్వు జడ్జిగా ఉండడం కుదరదని మంత్రి. ఆయన ఉద్యోగం పోయింది. ప్రాణం మిగిలింది, ఆశ్చర్యమే. ఊరి బైట తన పొలంలో సేద్యం చేసుకుంటూ, ఇద్దరు యూదు స్త్రీలకు తన ఇంట్లో చోటిచ్చి దాచినాడు.

ఇట్లాంటి మనిషి యుద్ధం తరువాత, నేను చేయాల్సింది చేసినాను, మిగతావాళ్ళు చూసుకోండి అని కూర్చొని ఉండవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. ఆయన అట్లా అనుకోలేదు.

1958 ఏప్రిల్ 30న జర్మన్ ప్రొటెస్టెంట్ చర్చిల పెద్ద సభ బెర్లిన్‌లో జరుగుతూ ఉండగా క్రైసిగ్ లేచి ఒక పిలుపు చదివినాడు. దాని సారాంశం ఇది: యుద్ధం మొదలుపెట్టింది మనం. లక్షల లక్షల యూదులను చంపింది మనం. అది జరగకూడదు అని కోరుకున్నవాళ్ళము కూడా ఆపడానికి చాలినంత చేయలేదు. కాబట్టి మన చేతిలో బాధపడిన దేశాలను ఒక అనుమతి అడుగుదాము. మీ దేశానికి వచ్చి, మా చేతులతో, మా డబ్బుతో, ఏదో ఒక మంచి పని చేయనివ్వండి. ఒక ఊరో, చర్చో, ఆసుపత్రో, మీకు ఏది కావాలంటే అది.

ఇక్కడ గమనించాల్సింది ఆ 'చేయనివ్వండి' అనే మాట. మేము వచ్చి సహాయం చేస్తాము అనలేదు. రానిస్తారా అని అడిగినాడు. ఇచ్చేవాడు అడుక్కునే చోట నిలబడినాడు.

ఆ సంఘానికి పెట్టిన జర్మన్ పేరు 'అక్త్సియోన్ జ్యూనెత్సైషెన్'. అంటే ప్రాయశ్చిత్త చిహ్నం. చిహ్నం మాత్రమే. ప్రాయశ్చిత్తం పూర్తి అయిపోయింది అని కాదు, అట్లా అవుతుందని కూడా కాదు. యువకులు సుమారు ఒక ఏడాది తమ చదువు, ఉద్యోగం పక్కన పెట్టి వేరే దేశంలో కూలిపని చేయాలి. కులీనుడా, కూలివాడా, ఏ చర్చివాడు అనే తేడా లేదు.

అందరూ రమ్మనలేదు

క్రైసిగ్ ముందుగా పేరు పెట్టి అడిగింది పోలండ్, రష్యా, ఇజ్రాయెల్ దేశాలను. పోలండ్, రష్యా అప్పట్లో ఒప్పుకోలేదు. ఇజ్రాయెల్‌కు 1961లోగానీ పోలేకపోయినారు. దాంట్లో ఆశ్చర్యం ఏముంది? నీ తండ్రి మా ఇల్లు తగలబెట్టినాడు, నువ్వు ఇటుకలు మోస్తానంటూ వస్తే నిన్ను చూస్తూ నేను ఎట్లా భరించేది అని వాళ్ళు అడిగితే తప్పేమీ లేదు. రావద్దు అనే హక్కు దెబ్బతిన్నవాళ్ళది. దాన్ని ఈ పిల్లలు కాదనలేదు.

1959లో పని మొదలైంది నెదర్లాండ్స్‌లో, నార్వేలో. నార్వే ఉత్తరం కొసన ఫిన్‌మార్క్ అనే సీమ ఉంది. 1944 శీతాకాలం ముందర జర్మన్ సైన్యం వెనక్కి పోతూ పోతూ ఆ సీమలో ఇళ్ళు, పడవలు, చర్చిలు అన్నిటినీ కాల్చేసింది. ఆ సీమలోని కోకెల్వ్ అనే చిన్న ఊర్లో 1960లో జర్మన్ యువకులు ఒక చర్చి కట్టి ఇచ్చినారు. గ్రీసు దేశంలో క్రీట్ దీవిలో కాండనోస్ అనే ఊరు ఉంది. 1941 జూన్‌లో జర్మన్ సైన్యం ఆ ఊరిని నేలమట్టం చేసింది. అక్కడ ఈ సంఘం వాళ్ళు ఊరికి నీళ్ళ ఏర్పాటు చేసి ఇచ్చినారు. ఫ్రాన్స్‌లో తెజే అనే చోట 1962లో తెరిచిన 'సఖ్యతా ఆలయం' కట్టింది కూడా వీళ్ళే.

అన్నీ చర్చిలు కావు చూడండి. ఒక చోట చర్చి, ఇంకో చోట నీళ్ళు, ఇంకో చోట పిల్లల బడి. ఆ ఊరివాళ్ళకు ఏమి అవసరమో అది.

1961: కోవెంట్రీకి వచ్చినవాళ్ళు

1961లో ఆ సంఘం నుంచి ఒక చిన్న జట్టు, ఇరవై మందికి లోపే, కోవెంట్రీకి వచ్చింది. పాత కథీడ్రల్ గోడలను ఆనుకొని పాస్టర్లు అంగీలు వేసుకునే గదులు ఉండేవి. అవి కూడా బాంబులకు పాడైనాయి. వాటిని బాగుచేసి, వేరువేరు దేశాలవాళ్ళు కలిసి కూర్చొని మాట్లాడుకునే కేంద్రంగా మార్చడం వాళ్ళ పని. కొన్ని నెలలు ఉండి ఆ పని చేసినారు.

ఒక లెక్క వేసి చూడండి. 1961లో ఇరవై ఏళ్ళున్న జర్మన్ పిల్లవాడు 1940లో ఉయ్యాలలో ఉంటాడు, లేదా ఇంకా పుట్టి ఉండడు. బాంబు వేసింది వాడు కాదు. ఇరవై ఐదేళ్ళవాడికీ అప్పుడు నాలుగేళ్ళే. అయినా ఊర్లో తిరుగుతుంటే వాళ్ళ యాస విన్న ప్రతి ముసలావిడకు ఆ రాత్రి గుర్తుకు వచ్చే ఉంటుంది. తన తప్పు కానిదానికి, తన వాళ్ళ తప్పు అయినదానికి, పార పట్టుకొని నిలబడడం చిన్న విషయం కాదు.

తరువాతి ఏడాది, 1962 మే 25న, కొత్త కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. అయిదు రోజులకు అక్కడే బెంజమిన్ బ్రిటెన్ కూర్చిన 'వార్ రిక్వియమ్' మొదటిసారి పాడినారు. ఒక ఇంగ్లీషు గాయకుడు, ఒక జర్మన్ గాయకుడు, ఒక రష్యన్ గాయని పాడాలని బ్రిటెన్ కోరిక. రష్యన్ ఆవిడకు వాళ్ళ ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఆమె చోట వేరే ఆమె పాడింది. ఈ కథలో అనుమతి అనే మాట మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంది.

1965: డ్రెస్డెన్‌కు పోయినవాళ్ళు

కోవెంట్రీలో అప్పటికి హోవర్డ్ తరువాత వచ్చిన పెద్ద గురువు బిల్ విలియమ్స్. ఆయన కాలంలో ఒక ప్రశ్న పుట్టింది. జర్మన్లు వచ్చి మన గదులు బాగుచేసినారు, సరే. మనం కాల్చిన ఊర్ల మాట ఏమిటి?

డ్రెస్డెన్ తూర్పు జర్మనీలో ఎల్బె నది ఒడ్డున ఉన్న అందమైన ఊరు. 1945 ఫిబ్రవరి 13 రాత్రి ఇంగ్లీషు విమానాలు, మరునాటి నుంచి అమెరికా విమానాలు దాన్ని కాల్చినాయి. చచ్చిపోయినవాళ్ళు 25,000 మంది వరకు ఉంటారని 2010లో చరిత్రకారుల సంఘం తేల్చింది. కోవెంట్రీ లెక్కతో పోలిస్తే ఎన్ని రెట్లో మీరే చూసుకోండి. గెలిచిన దేశం తన తప్పుల లెక్క తీయడం అరుదు. యుద్ధం మొదలుపెట్టింది వాళ్ళు కదా, మనం ఎందుకు తలవంచాలి అనే మాట ఇంగ్లండ్‌లో బలంగానే ఉండింది. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

అక్కడ ఎంచుకున్న కట్టడం డయకనెస్ సిస్టర్ల ఆసుపత్రి. డయకనెస్‌లు అంటే పెళ్ళి చేసుకోకుండా, కలిసి ఉంటూ, రోగులకు, పేదలకు సేవ చేసే ప్రొటెస్టెంట్ స్త్రీలు. ఈ పద్ధతి 1836లో కైజర్స్‌వెర్త్ అనే ఊర్లో మొదలైంది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1851లో నర్సు పని నేర్చుకున్నది అక్కడే. డ్రెస్డెన్‌లో వీళ్ళ సంస్థ 1844లో పుట్టింది. అంటే బాంబులు పడేనాటికి ఆ ఆసుపత్రికి నూరేళ్ళు. యుద్ధమయ్యి ఇరవై ఏళ్ళైనా దాంట్లో కూలిన భాగం అట్లాగే ఉండింది. దేవుడు లేడనే ప్రభుత్వం కింద చర్చి ఆసుపత్రి నడుస్తూ ఉంది. కట్టుకోవడానికి చేతులూ డబ్బులూ రెండూ కొరతే.

పోవడం అంత సులభం కాలేదు. తూర్పు జర్మనీని బ్రిటన్ ఒక దేశంగా గుర్తించనే లేదు, ఆ గుర్తింపు 1973లో వచ్చింది. నడుమ 1961లో కట్టిన బెర్లిన్ గోడ. తూర్పు ప్రభుత్వానికి ఈ పిల్లల రాక వల్ల లాభం ఉంది. చూడండి, ఇంగ్లీషువాళ్ళే వచ్చి తప్పు ఒప్పుకుంటున్నారు అని చెప్పుకోవచ్చు. అదే సమయంలో తన సొంత పిల్లలను మాత్రం క్రైసిగ్ సంఘం తరఫున పడమటి దేశాలకు పోనివ్వదు. గోడ కట్టినాక ఆ సంఘం తూర్పు, పడమర అని రెండుగా చీలిపోయింది. తూర్పువాళ్ళు తమ దేశంలోనే పాడైన చర్చిలలో శిథిలాలు ఎత్తిపోసుకుంటూ పని మొదలుపెట్టినారు.

ఇన్ని రాజకీయాల నడుమ, కోవెంట్రీలో చందాలు పోగుచేసుకొని, కొద్ది పదుల మంది యువతీ యువకులు 1965లో డ్రెస్డెన్ చేరి కొన్ని నెలలు పనిచేసినారు. శిథిలాలు తీసినారు, ఇటుకలు మోసినారు, స్థానిక పనివాళ్ళ పక్కన నిలబడి గోడలు లేపడానికి సాయపడినారు. తమను ఎవరు ఏ ప్రచారానికి వాడుకుంటారో తెలిసే పోయినారు అనుకోవాలి. పూర్తిగా శుభ్రమైన సందర్భం కోసం కాచుకొని ఉంటే ఎన్నటికీ పోయేవాళ్ళు కాదు.

ఆ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తూ ఉంది. ఆ ఊరి నడుమ బాంబులకు కూలిన ఫ్రావెన్‌కిర్షె అనే పెద్ద చర్చి మాత్రం శానా ఏళ్ళు రాళ్ళకుప్పగానే ఉండి, 1994 తరువాత కట్టి 2005 అక్టోబర్ 30న మళ్ళీ తెరుచుకుంది. దాని శిఖరం మీది బంగారు శిలువకు డబ్బు బ్రిటన్ ప్రజలు ఇచ్చినారు. చేసిన కంసాలి అలన్ స్మిత్ లండన్ మనిషి. ఆయన తండ్రి 1945లో డ్రెస్డెన్ మీద దాడి చేసిన విమానంలో ఉన్నవాడు.

పని విలువ ఎంత?

ఇప్పుడు గట్టి ప్రశ్న. ఈ పిల్లలు చేసిన పని ఖరీదు ఎంత?

నిజం మాట్లాడుకుంటే, శానా తక్కువ. వాళ్ళు మేస్త్రీలు కారు. దారి ఖర్చు, తిండి ఖర్చు కలిపితే అదే డబ్బుతో అక్కడి పనివాళ్ళు ఇంకా త్వరగా, ఇంకా బాగా కట్టి ఉంటారు. ఈ రోజులలో కూడా చర్చి జట్లు రెండు వారాలు విమానమెక్కి వేరే దేశం పోయి గోడలకు రంగు వేసి, ఫోటోలు దిగి రావడం చూస్తూ ఉన్నాము. ఆ టికెట్ల డబ్బు పంపితే ఆ ఊరి మేస్త్రీకి నెల కూలి గిట్టేది కదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

మన తెలుగు నేల మీదే ఇంకో రకం ఉదాహరణ ఉంది. మెదక్ చర్చి. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ రోజున తెరిచినారు. కట్టించింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన చార్ల్స్ వాకర్ పాస్నెట్. కరువు రోజులలో ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించి తిండి పెట్టినాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ డబ్బు, ఆలోచన బైటివి. చేయి ఊరిది. కట్టడం పేరు మీద ఊరికి అన్నం దొరికింది. కూలి ఇవ్వడమే సహాయం అయ్యేచోట బైటివాడు పార పట్టుకుంటే ఊరివాడి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే.

కోవెంట్రీలో, డ్రెస్డెన్‌లో సంగతి వేరు. అక్కడ కొరత గోడ ఒక్కటే కాదు. ఒక ఊరివాడు ఇంకో ఊరివాడి మొహం చూడలేకపోవడం. దానికి మనియార్డర్ పనికిరాదు, మనిషే పోవాలి. పోయినవాడు కింద నిలబడి, పైవాడు చెప్పిన పని చేయాలి. ఇటుక మోసేవాడికి ఉపన్యాసం ఇచ్చే తీరిక ఉండదు, అది కూడా మంచిదే.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో ఒక పద్ధతి ఉంది. మేము నూరు టెస్టులు నడిపి అన్నీ పాస్ అన్నా, చివర వాడేవాళ్ళు చూసి, సరే, మాకు పనికొస్తుంది అని సంతకం పెడితేగానీ పని ముగిసినట్టు కాదు. కట్టినవాడి సంతోషం లెక్కలోకి రాదు. ఈ ప్రయాణాలను కూడా నేను అట్లాగే కొలుస్తాను. ఒకటి, ఆ ఊరివాళ్ళు రమ్మన్నారా? రెండు, ఏమి కట్టాలో వాళ్ళు చెప్పినారా? మూడు, పోయినవాళ్ళు వెనక్కి వచ్చేసినాక ఆ కట్టడం ఎవరి చేతిలో ఉంది? క్రైసిగ్ పిలుపు మొదటి ప్రశ్నతోనే మొదలైంది. డ్రెస్డెన్ సిస్టర్ల ఆసుపత్రి మూడో ప్రశ్నకు జవాబు. కట్టింది ఎవరైనా, నడిపింది వాళ్ళే.

రెండు మాటలు, రెండు భాషలు

నాది కన్నడ మీడియం చదువు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. అందుకే కొన్ని మాటలు నా చెవిలో రెండుగా మోగుతాయి.

పాత గుడిని బాగుచేయడాన్ని మనం జీర్ణోద్ధరణ అంటాము, కన్నడలో జీర్ణోద్ధార. జీర్ణమైపోయినదాన్ని పైకి ఎత్తడం. కొత్తగా కట్టడం కాదు, ఉన్నదాన్ని లేపడం. కోవెంట్రీలో పాత గోడలు ఉంచి గదులు బాగుచేసినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే.

ఇంకో మాట సమాధానం. మామూలు తెలుగులో దానికి జవాబు అని అర్థం. మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో అదే మాటకు శాంతి అని అర్థం. గొడవపడిన ఇద్దరు కలిసిపోతే సమాధానపడినారు అంటారు. కన్నడలో ఏడ్చేవాళ్ళను ఓదార్చడాన్ని సమాధాన చేయడం అంటారు. జవాబు, శాంతి, ఓదార్పు మూడూ ఒక్క మాటలో ఉన్నాయి. జవాబు చెప్పకుండా శాంతి రాదు, జవాబు చెప్పుకునేవాడు ఎదురుగా ఉన్నవాడి ఏడుపు వినక తప్పదు అని మన భాషలు ముందే చెప్పి పెట్టినట్టు ఉంది.

ఇక మన ఇంటి మాట

మన కుటుంబం గ్రూపులో రెండు నెలలుగా నడుస్తున్న చర్చ అందరికీ తెలిసిందే. మన ముత్తాతలు చిత్తూరు వైపు వదిలిపెట్టి వచ్చిన ఊర్లో రామమందిరం పైకప్పు కారుతూ ఉందని కబురు వచ్చింది. బెంగళూరులో, హోసూరులో, పూణెలో ఉన్నవాళ్ళము కలిసి బాగుచేయించాలని అనుకున్నాము. పిల్లలేమో, "అందరం నాలుగు రోజులు పోయి మనమే సున్నం కొడదాం" అంటున్నారు. పెద్దనాయన ఒక్క మాటతో తేల్చేసినారు: "సున్నం కొట్టే చేతులేనా అవి? ఆ బస్సు చార్జీలు మేస్త్రీకి పంపండి, వారంలో పని అయిపోతుంది."

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఇద్దరూ అడగని మాట ఒకటి ఉంది. ఆ ఊర్లో ఇప్పుడు ఆ మందిరంలో దీపం పెట్టేవాళ్ళు, భజన చేసేవాళ్ళు ఏమంటున్నారు? కబురు చెప్పింది ఆ దారిన పోయిన మన బంధువు. ఊరివాళ్ళు మనల్ని అడగలేదు. మన పూర్వీకులది కాబట్టి మనది అని మనం అనుకుంటున్నాము. మనం వచ్చేసినాక నాలుగు తరాలు ఆ తలుపు తీసి ఊడ్చినవాళ్ళు ఎవరో మనకు పేర్లు కూడా తెలియవు. వాళ్ళకు కావలసింది పైకప్పా, నీళ్ళ కొళాయా, భజన రోజున పదిమంది కూర్చోవడానికి ముందర ఒక పందిరా?

మన వలసకూ ఆ యుద్ధానికీ పోలిక పెట్టడం లేదు. మనం ఎవరి ఊరూ కాల్చలేదు. బతుకుదెరువుకు వచ్చినాము. అయినా వదిలిపెట్టి వచ్చినవాళ్ళు తిరిగి పోయేటప్పుడు ఎట్లా పోవాలి అనేదానికి ఆ జడ్జి నేర్పిన పద్ధతి మనకూ పనికొస్తుంది. చేస్తాము అని కాదు, చేయనిస్తారా అని అడగాలి. వద్దంటే వినాలి. వేరేది కావాలంటే అది చేయాలి. గోడ మీద మన ఇంటి పేరుతో రాయి పెట్టాలా వద్దా అనేది కూడా వాళ్ళే చెప్పాలి.

కాబట్టి నా ప్రస్తావన ఇది. చందా పోగుచేయడం ఆపవద్దు. కానీ మేస్త్రీని మాట్లాడేముందు మనలో ఇద్దరు ముగ్గురు, కనీసం ఒక పెద్దవాళ్ళు, ఒక చిన్నవాళ్ళు, ఆ ఊరికి పోవాలి. ఖాళీ చేతులతో పోవాలి, ఎస్టిమేట్ తీసుకొని కాదు. మందిరం మెట్ల మీద కూర్చొని వాళ్ళు చెప్పింది వినాలి. వాళ్ళు సరే అంటే పైకప్పు పని వాళ్ళ ఊరి మేస్త్రీకే ఇవ్వాలి, కూలి ఆ ఊర్లోనే ఉండిపోవాలి. పిల్లలు కూడా పోవచ్చు. ఇసుక జల్లెడ పట్టడానికి, నీళ్ళు మోయడానికి పెద్ద నేర్పు అక్కరలేదు. ఆ ఊరి పిల్లలతో నాలుగు రోజులు కలిసి తిరిగితే, రేపు మనం లేనప్పుడు ఒకరి పేరు ఒకరికి గుర్తు ఉంటుంది.

సంక్రాంతికి ముందర పోవడానికి ఎవరెవరు వస్తారో గ్రూపులో చెప్పండి. పెద్దనాయన మోకాలు నొప్పి అంటున్నారు కానీ, ఆయన వస్తేనే ఆ ఊరి పెద్దలు మనల్ని మనుషులుగా గుర్తుపడతారు. ఎవరైనా ఆయన్ని ఒప్పించండి.